పురుగుమందు కొట్టిన రోజే తలనొప్పి, వాంతులు.. ఇది ఎండదెబ్బేనా?

ప్రశ్న: నా వయసు 36. అయిదెకరాల్లో పత్తి వేశాను. మందు నేనే కొట్టుకుంటాను. మూడేళ్ల కిందట కొన్న 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ వాడుతున్నాను. మూత దగ్గర కొద్దిగా కారుతుంది. పది ట్యాంకులు కొట్టేసరికి వీపు, నడుము తడిసిపోతాయి. నాజిల్ మాటిమాటికీ పూడుకుపోతే నోటితో ఊది బాగుచేస్తాను. ఈ మధ్య ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందు కొట్టిన ప్రతిసారీ సాయంత్రానికి తలనొప్పి, వికారం, చెమటలు, చూపు మసకబారడం, నోట్లో నీళ్లూరడం ఉంటున్నాయి. తెల్లారేసరికి తగ్గుతాయి. పోయినసారి మాత్రం రెండు వాంతులయ్యాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టారు. ఎండదెబ్బ అని కొందరు, పాలు తాగితే విషం విరుగుతుందని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పత్తి రైతు, వరంగల్ జిల్లా

జవాబు: మీరు రాసిన లక్షణాలు ఎండదెబ్బవిలా లేవు. ఎండ దెబ్బ తగిలితే నోరు పిడచకట్టుకుపోతుంది, మీకేమో నీళ్లూరుతున్నాయి. చెమట, లాలాజలం, వికారం, మసక చూపు.. ఈ నాలుగూ మందు కొట్టిన రోజునే కలిసి వస్తున్నాయంటే ఒంట్లోకి మందు వెళుతోందని అనుమానించాలి. ఈసారి అలా అనిపిస్తే మీ భార్యను ఒకసారి మీ కంటిపాపలు చూడమనండి. మసక వెలుతురులో కూడా అవి బాగా చిన్నవైపోయి ఉంటే ఇక సందేహం అక్కర్లేదు, ఆస్పత్రికి బయలుదేరండి.

ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్ వంటివన్నీ ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబానికి చెందినవి. మన నరాలు కండరాలకు, గ్రంథులకు కబురు పంపడానికి అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వాడుకుంటాయి. పని కాగానే దాన్ని విరిచేసే ఎంజైమును కోలినెస్టరేజ్ అంటారు. ఈ మందులు ఆ ఎంజైమును పనిచేయనివ్వవు. పురుగు చచ్చేదీ అలాగే, మనిషి వాంతి చేసుకునేదీ అలాగే. తెల్లారేసరికి తగ్గిందని మీరు రాశారు. తగ్గినట్టు అనిపించింది, అంతే. ఎర్ర రక్తకణాల్లోని ఈ ఎంజైము పూర్తిగా కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈలోగా మళ్లీ ట్యాంకు భుజాన వేసుకుంటే పాత నష్టం మీద కొత్త నష్టం చేరుతుంది. మొదట తలనొప్పితో పోయింది ఈసారి వాంతుల దాకా రావడానికి కారణం ఇదే కావచ్చు.

మందు లోపలికి ఎలా వెళుతోంది? చాలామంది వాసన పీల్చడం వల్ల అనుకుంటారు. పిచికారీ చేసేవారికి ప్రధాన దారి చర్మం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టిన మాట ‘మూత దగ్గర కొద్దిగా కారుతుంది’ అన్నది. పది ట్యాంకులంటే 160 లీటర్లు. అన్ని గంటలూ మందులో తడిసిన చొక్కా వీపుకు అంటుకుని ఉంటుంది. ఎండలో చర్మానికి రక్త ప్రసరణ పెరిగి మందు ఇంకా తేలిగ్గా ఇంకుతుంది. అక్కడి నుంచి నడుము కిందికి, గజ్జల్లోకి జారుతుంది. ముంజేతి చర్మంతో పోలిస్తే గజ్జల్లోని చర్మం ఎన్నో రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. చేతులకు గ్లవ్స్ వేసుకుని, కారే ట్యాంకు మోస్తే ఏం ప్రయోజనం?

కాబట్టి మీకు నేను రాసే మొదటి చీటీ మందుల షాపుకు కాదు, స్ప్రేయర్లు బాగుచేసే దుకాణానికి. మూతలోని రబ్బరు వాషర్, గొట్టం ట్యాంకుకు కలిసే చోట వాషర్, ట్రిగ్గర్ దగ్గరి సీలు మూడూ మార్పించండి. మూడేళ్ల వాడకంలో, మందు తగిలి తగిలి రబ్బరు గట్టిపడి చిట్లి ఉంటుంది. బట్ట చుట్టి, తాడు కట్టి సరిపెట్టకండి. తడిసిన బట్ట మందును పట్టుకుని వీపుకు అద్దుతూనే ఉంటుంది. తర్వాత ట్యాంకులో ఉత్త నీళ్లు నింపి, మూత బిగించి, మోటారు వేసి కాసేపు పిచికారీ చేయండి. ట్యాంకును పక్కకు వంచి చూడండి. ఒక్క చుక్క కారినా ఆ రోజు మందు కొట్టవద్దు. ప్రతిసారీ పొలానికి వెళ్లేముందు ఈ పరీక్ష చేయాలి. నిండా నింపితే నడకకు తొణికి మూత దగ్గరికి వస్తుంది, కాబట్టి కాస్త వెలితిగానే ఉంచండి.

నాజిల్‌ను నోటితో ఊదడం ఈరోజుతో మానేయండి. పెదవికి అంటిన మందు నేరుగా లోపలికే వెళుతుంది. అసలు అది ఎందుకు పూడుకుపోతోందో చూడండి. కాలువ నీళ్లో, బావి నీళ్లో జాలి లేకుండా పోస్తుంటే నలకలన్నీ నాజిల్‌కే చేరతాయి. నీళ్లను పలుచటి బట్టలో వడగట్టి పోయండి. ట్యాంకు మూతి దగ్గరి జాలి చిరిగి ఉంటే కొత్తది వేయించండి. అయినా పూడుకుపోతే మోటారు ఆపి, నాజిల్ విప్పి, నీళ్లలో ముంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సూదితో, తీగతో పొడవవద్దు. రంధ్రం పెద్దదై మందు చినుకుల్లా పడుతుంది, ఎక్కువ ఖర్చవుతుంది, మీ కాళ్ల మీద కూడా పడుతుంది. జేబులో ఇంకో నాజిల్ ఉంటే ఈ బాధే ఉండదు.

మందు కలిపేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. లీటరుకు 2 మిల్లీలీటర్లు కలిపే మందయితే డబ్బాలో ఉన్నది ట్యాంకులో ఉన్నదానికంటే 500 రెట్లు చిక్కన. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి. చేత్తో కలపకండి, కర్ర వాడండి.

ఇక మీ పత్తి ఎంత ఎత్తు పెరిగింది? 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది అక్కడ చేను మనిషెత్తు పెరిగింది, రెండు మూడు మందులు కలిపి కొట్టారు. పైరు ఛాతీ దాటితే మందు మీ ముఖం మీదికే వస్తుంది. గాలి మీ నుంచి దూరంగా వీచేలా నిలబడండి. స్ప్రే గన్నును గాలివాలు పక్కకు చాచి పట్టండి, తడిసిన ఆకుల్లోకి నడిచి వెళ్లకండి. చేయి ఎత్తి కొట్టేటప్పుడు గ్లవ్స్ చొక్కా చేతుల మీదికి రావాలి, వాటి అంచు బయటికి మడిచి ఉండాలి. లేకపోతే మందు మోచేతి దాకా కారుతుంది. ముక్కుకు కట్టే తువ్వాలు తడిస్తే రక్షణ కాదు, మందులో ముంచిన గుడ్డ. ఫిల్టర్ ఉన్న మాస్కు కొనండి. మధ్యలో బీడీ, గుట్కా వద్దు.

పని ముగిశాక ట్యాంకును మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను చేలోనే పిచికారీ చేయండి. కాలువ గట్టున కడగవద్దు. ఆ బట్టలను ఇంట్లోవారి బట్టలతో కలపకూడదు. మీ భార్య ఉతుకుతున్నట్లయితే ఆవిడకు కూడా గ్లవ్స్ కావాలి. మీరు ఇంట్లో అడుగుపెట్టకముందే సబ్బుతో, తల మీది నుంచి స్నానం చేయండి.

పాలు, మజ్జిగ, చింతపండు రసం.. వీటిలో ఏదీ ఈ విషానికి విరుగుడు కాదు. విరుగుడు అట్రోపిన్, అది ఆస్పత్రిలో డాక్టరు మాత్రమే, నాడి చూసుకుంటూ ఇవ్వాల్సిన ఇంజెక్షన్. లక్షణాలు మొదలైతే వెంటనే బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడుక్కోండి. కళ్లలో పడితే 15 నిమిషాలు నీళ్లు పోయాలి. మందు మింగినవారికి బలవంతంగా వాంతి చేయించకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఛాతీ పట్టేయడం, కండరాలు అదరడం, మగత ఉంటే 108కి ఫోన్ చేయండి. మందు డబ్బాను, లేబుల్ చెరగకుండా, వెంట తీసుకెళ్లండి. బాగైందని డాక్టరు చెప్పకముందే వార్డు నుంచి వచ్చేయకండి. ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మెడ నిలపలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం వచ్చే ప్రమాదం ఉంది.

ప్రస్తుతం మీరు ఈ వారంలోనే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాస్పత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించుకోండి. కోలినెస్టరేజ్ పరీక్ష చేయమని అడగండి. ఫలితం తక్కువగా వస్తే, అది మళ్లీ పెరిగేదాకా ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబం మందులేవీ మీరు కొట్టకూడదు. మిగిలిన పిచికారీకి కూలీని పెట్టుకుంటే అతనికి బాగుచేసిన స్ప్రేయరే ఇవ్వండి.