డచ్‌లో "అనుకోవడానికి" ఇన్ని క్రియలు ఎందుకు?

డెంకెన్, విండెన్, ఖెలోవెన్... ఏదో ఒకటి వాడితే సరిపోదా అని అడిగారు. సరిపోదండీ. ఒక్కోటీ ఒక్కో దారిన వచ్చి, మధ్యలో అర్థం మార్చుకున్న మాటలివి.

ఖెలోవెన్ దేవుణ్ణి నమ్మడానికి వాడే మాట. ఇప్పుడు "మంగళవారం వస్తాడు, ఖెలోఫ్ ఇక్" అంటే వస్తాడేమోలే అని, అంతే. మా అపార్ట్‌మెంట్ ఓనర్ల మీటింగులో మెట్లకు ఏ రంగు వెయ్యాలని గంటకు పైగా వాదులాట. రెండూ బూడిద రంగులే! మూడో అంతస్తు పెద్దాయన అంతా విని, "ఇక్ ఖెలోఫ్ హెత్ వెల్" అన్నాడు. మాటకు మాటగా చూస్తే "నమ్ముతున్నాలే" అని. ఓట్లు రాసుకుంటున్న కుర్రాడు దేశానికి కొత్త, ఆయన పేరు పక్కన టిక్కు పెట్టేశాడు. ఆయనేమో కోటు తొడుక్కుని, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. "మీరూ మీ రంగూ, నాకిక చాలు" అని దాని అసలు అర్థం.

వానెన్‌కి జరిగింది ఇంకా అన్యాయం. మధ్యయుగాల డచ్‌లో తలచడం, ఆశించడం. ఇప్పుడు ఉత్త భ్రమపడటం. ఇక డుంకెన్ అచ్చం మన "నాకనిపిస్తోంది" లాంటిదే. "నేను" రాదు, "నాకు" వస్తుంది: మెయ్ డుంక్ట్. 1637 నాటి స్టాటెన్ బైబిల్లో, అంటే ప్రభుత్వం చేయించిన డచ్ అనువాదంలో, యేసు పరిసయ్యులనే యూదు మతవర్గం వాళ్ళని "వాట్ డుంక్ట్ యూ" (మీకేమనిపిస్తోంది) అనే అడుగుతాడు. ఇవాళ ఆ మాట పాతబడింది. దాని పని డెంకెన్, విండెన్ పంచుకున్నాయి. విండెన్ అంటే మొదట దొరకడం, కనుక్కోవడం. సూప్ రుచి చూసి బావుందంటే విండెన్, చూడకముందే బావుంటుందని ఊహిస్తే డెంకెన్.

ఇదంతా మర్యాద వల్లేనని నా గట్టి అభిప్రాయం. తేల్చి చెప్పడానికి జంకి "నమ్ముతున్నా" అని పెద్ద మాట అడ్డం పెట్టుకుంటాం. వాడగా వాడగా అది పలచబడుతుంది, ఇంకోటి వెతుక్కుంటాం. డచ్చివాళ్ళకు మొహమాటమే ఉండదని యూట్యూబ్‌లో ఊదరగొడతారు. లేనివాళ్ళకు ఇన్ని క్రియలు దేనికట?

కోర్సు పుస్తకాల్లో ఈ గొడవేదీ ఉండదు. అన్నిటికీ ఎదురుగా ఒకే ఇంగ్లీషు మాట పెట్టి చేతులు దులుపుకుంటారు, ఫీజు మాత్రం దండిగా లాగుతారు. 1864లో తొలి భాగం వచ్చి 1998లో పూర్తయిన డచ్ మహానిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, పాత వాక్యాలతో సహా. అది చూడండి. మాట్లాడి నేర్చుకుందామంటే, మన యాస చెవిన పడగానే కొట్లో పిల్ల ఇంగ్లీషులోకి దిగిపోతుంది. దిగనివ్వండి, మీరు మాత్రం డచ్ వదలకండి.