ఎంపీటీసీ, జడ్పీటీసీ నుంచి లోక్‌సభ దాకా: ఐదేళ్లు ఎంపీటీసీగా చేసినవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇది: రాజకీయ కుటుంబం నుంచి రాని మనిషి సర్పంచో, ఎంపీటీసీయో (మండల పరిషత్ సభ్యుడు), జడ్పీటీసీయో (జిల్లా పరిషత్ సభ్యుడు) అయ్యి, అక్కడి నుంచి పార్లమెంటు దాకా వెళ్లగలడా, వెళ్తే ఏ దారిన? వెళ్లగలడు. వెళ్లినవాళ్లు మన కళ్లముందే ఉన్నారు. కానీ సర్పంచ్ తర్వాత ఎంపీపీ (మండల పరిషత్ అధ్యక్షుడు), తర్వాత ఎమ్మెల్యే, ఆ తర్వాత ఎంపీ అని బడిలో తరగతులు మారినట్టు మాత్రం జరగదు. నేను ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో 2014లో ఎంపీటీసీగా గెలిచాను, 2019లో జడ్పీటీసీకి నిలబడి ఓడిపోయాను. ఆ ఐదేళ్లలో నాకు తెలిసొచ్చింది చెప్తాను.

ముందు మా జిల్లా సంగతే తీసుకుందాం. రేవంత్ రెడ్డి 2006లో మిడ్జిల్ మండలం నుంచి స్వతంత్రుడిగా జడ్పీటీసీ గెలిచారు, మరుసటి ఏడాది 2007లో స్థానిక సంస్థల కోటాలో ఎమ్మెల్సీ (శాసనమండలి సభ్యుడు) అయ్యారు, అది కూడా స్వతంత్రుడిగానే. ఆ తర్వాత తెలుగుదేశంలో చేరి 2009, 2014లో కొడంగల్ ఎమ్మెల్యే, 2017లో కాంగ్రెస్‌లోకి, 2019లో మల్కాజ్‌గిరి ఎంపీ, 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి. కేంద్ర మాజీ మంత్రి జైపాల్ రెడ్డి గారింటి అల్లుడు కదా అని ఎవరైనా అంటారు, బంధుత్వం ఉన్న మాట నిజమే, కానీ మొదటి రెండు ఎన్నికల్లో ఆయన వెనక ఏ పార్టీ గుర్తూ లేదు.

చాలామంది ఈ కథలో జడ్పీటీసీ నుంచి ఎమ్మెల్యే అనే చెప్పుకుంటారు, మధ్యలో ఉన్న ఆ 2007ని దాటేస్తారు. నా లెక్కలో అసలు విషయం అక్కడే ఉంది. 1985లో రద్దయిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి మళ్లీ 2007లోనే వచ్చింది. స్థానిక సంస్థల కోటా ఎమ్మెల్సీకి మామూలు జనం ఓటేయరు, ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు వేస్తారు. అంటే 2006లో జడ్పీటీసీ అయిన మనిషికి ఏడాది తిరగకుండానే, తనలాంటి స్థానిక ప్రతినిధులే ఓటర్లుగా ఉన్న పెద్ద ఎన్నిక ఎదురుగా వచ్చింది. ఒక మండలానికే తెలిసిన మనిషి జిల్లా అంతా తిరగడానికి దానికంటే మంచి సందర్భం ఏముంటుంది.

ఆ ఎన్నిక ఎలా ఉంటుందో నాకు 2015 డిసెంబరులో తెలిసింది, ఎందుకంటే అందులో నేనూ ఓటరునే. మా జిల్లాలో వెయ్యికి పైగా ఓట్లు, రెండు సీట్లు. బ్యాలెట్ మీద వాళ్లిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో పేర్ల పక్కన 1, 2 అని అంకెలు వేయాలి, టిక్కు పెట్టినా సొంత పెన్ను వాడినా ఓటు చెల్లదు. పోలింగ్‌కి ముందు మమ్మల్ని క్యాంపుకి తీసుకెళ్లారు, అంటే ఓట్లు చేజారకుండా ఓటర్లందరినీ ఒకచోట ఉంచడం. క్యాంపుల గురించి మీరు వినే మాటలన్నీ నేనూ విన్నాను, అక్కడ జరిగేదంతా గొప్పగా ఉంటుందని చెప్పను, నాకు అది నచ్చలేదు. కానీ ఆ నాలుగు రోజుల్లో ఒక పెద్దమనిషిని చూశాను, పక్క నియోజకవర్గంలో జడ్పీటీసీ, ఎన్నికలో అభ్యర్థి కూడా కాదు. మిగతావాళ్లం టీవీ చూస్తూనో పేకాడుతూనో ఉంటే ఆయన ఒక్కొక్కరి దగ్గర కూర్చుని ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, మీ దగ్గర నీళ్లు ఎలా ఉన్నాయి, బోర్లు ఎన్ని అడుగుల్లో పడుతున్నాయి అని అడిగి చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆరు నెలల తర్వాత మా అమ్మకి ఆపరేషన్ అయిందని తెలిసి ఫోన్ చేశాడు. ఎంపీటీసీ అయినందుకు నాకు వచ్చిన గుర్తింపు నా ఊళ్లో ఉంది. ఆయన మాత్రం ఆ పదవిని అడ్డం పెట్టుకుని ఊరికి అవతల మనుషుల్ని సంపాదించుకున్నాడు. నేను చేయనిది అదే.

జడ్పీటీసీకి ఇంకో లాభం ఉంది. జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశంలో ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా సభ్యులే, అధికారులంతా వస్తారు. అక్కడ మిషన్ భగీరథ తాగునీటి పథకం మీదో పంట కాల్వ మీదో లెక్కలతో లేచి మాట్లాడితే జిల్లా పేపర్లో మరుసటి రోజు పేరు వస్తుంది. మండల పరిషత్ సమావేశంలో నేను ఎంత గట్టిగా మాట్లాడినా అది మా మండలం గేటు దాటలేదు. పైగా ఎంపీటీసీకి నిధులుండవు, సర్పంచ్‌కి పంచాయతీ ఖాతా ఉంటుంది, చెక్కు మీద సంతకం ఉంటుంది, మాకు గౌరవ వేతనం తప్ప ఏమీ లేదు. జనం వచ్చి సీసీ రోడ్డు అడిగితే మళ్లీ మేం ఎమ్మెల్యే దగ్గరికే వెళ్లాలి.

ఇక లోక్‌సభ. రెండు రాష్ట్రాల్లోనూ ఒక ఎంపీ సీటుకి ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. నా ఎంపీటీసీ స్థానంలో ఓటర్లు మూడు వేలు, దాదాపు అందరి ఇళ్లూ నాకు తెలుసు. మల్కాజ్‌గిరిలో 2019లో 30 లక్షలకు పైగా ఓటర్లు, దేశంలోనే అన్నిటికంటే పెద్ద సీటు. మేడ్చల్ నుంచి ఎల్‌బీనగర్ దాకా ఆ సీటులో ఏ మనిషీ ఇల్లిల్లూ తిరగలేడు. అక్కడ రేవంత్ రెడ్డి గెలిచింది 10,919 ఓట్లతో. పాలమూరు (మహబూబ్‌నగర్) మనిషికి హైదరాబాద్ చుట్టుపక్కల ఓట్లు ఎందుకు పడ్డాయంటే, జనానికి ఆయన అప్పటికే టీవీలో, అసెంబ్లీలో తెలిసిన గొంతు. నియోజకవర్గం పెద్దదయ్యే కొద్దీ మీరు వేయించిన రోడ్డుకంటే మీరు ఏ విషయం మీద ఎవరితో కొట్లాడారన్నది జనానికి గుర్తుంటుంది. ఇది నాకు బాధగానే ఉంటుంది, కానీ నిజం.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. తెలంగాణలో అసెంబ్లీ ఎన్నిక ముందుకు జరిగి 2018 డిసెంబరులో అయిపోయింది, లోక్‌సభ పోలింగ్ 2019 ఏప్రిల్‌లో. అంటే అసెంబ్లీకి ఓడినవాళ్లకి నాలుగు నెలల్లోనే ఇంకో అవకాశం దొరికింది. డిసెంబరులో కొడంగల్‌లో రేవంత్ రెడ్డి, నల్గొండలో కోమటిరెడ్డి వెంకటరెడ్డి, అంబర్‌పేటలో కిషన్ రెడ్డి, కరీంనగర్‌లో బండి సంజయ్ ఓడిపోయారు. మే 23న చూస్తే నలుగురూ ఎంపీలు. ఆంధ్రప్రదేశ్‌లో రెండు ఎన్నికలూ ఒకే రోజు కాబట్టి అక్కడ ఈ దారి లేదు, ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. అందుకే ఎవరి కథ చదివినా ఆ రాష్ట్రం ఎన్నికల క్యాలెండర్ కూడా పక్కన పెట్టుకుని చదవండి.

బండి సంజయ్ దారి మీ ప్రశ్నకి ఇంకా దగ్గర. 2005లో కరీంనగర్ నగరపాలక సంస్థలో ఒక డివిజన్ నుంచి కార్పొరేటర్‌గా గెలిచారు, 2014లో మళ్లీ గెలిచారు, అసెంబ్లీకి 2014లోనూ 2018లోనూ ఓడారు, ఎమ్మెల్యే కాకుండానే 2019లో 89,508 మెజారిటీతో ఎంపీ అయ్యారు, 2024లో మళ్లీ గెలిచి కేంద్రంలో హోంశాఖ సహాయమంత్రి. ఆయన రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, నేను చెప్పేది దారి గురించి. రెండుసార్లు ఓడిన ఆ అసెంబ్లీ ఎన్నికలే డివిజన్ మనిషిని నగరం మొత్తానికి తెలిసిన మనిషిని చేశాయి, పైన ఢిల్లీ గాలి కూడా కలిసొచ్చింది. కేరళలో రమ్య హరిదాస్ అయితే కున్నమంగళం బ్లాక్ పంచాయతీ అధ్యక్షురాలిగా ఉంటూ (మన ఎంపీపీ లాంటి పదవి) 2019లో ఆలత్తూర్ ఎస్సీ రిజర్వుడు సీటు నుంచి నేరుగా లోక్‌సభకి వెళ్లారు, లక్షన్నర పైచిలుకు మెజారిటీ. 2024లో అక్కడే ఓడిపోయారు. వెళ్లడం ఒక ఎత్తు, అక్కడ నిలవడం ఇంకో ఎత్తు.

నా విషయానికొస్తే, 2019లో మా ఎంపీటీసీ స్థానం మహిళలకు రిజర్వ్ అయింది. జడ్పీటీసీ టికెట్ అడిగాను, ఇస్తామని చివరిదాకా చెప్పి బీఫారం (పార్టీ అభ్యర్థి అని ఇచ్చే పత్రం) వేరేవాళ్లకి ఇచ్చారు. కోపంతో స్వతంత్రుడిగా వేశాను, 600 ఓట్లతో ఓడిపోయాను, ఎకరం పొలం పోయింది. అది కాదు నన్ను దెబ్బతీసింది. ఓడిన తర్వాత ఎనిమిది నెలలు నేను ఊళ్లో పెళ్లికి, చావుకి కూడా సరిగ్గా పోలేదు, మొహం చూపించలేక. మా పక్కింటి అవ్వ పింఛను ఆగిపోతే గెలిచినావిడ దగ్గరికి వెళ్లింది, నా గడప తొక్కలేదు. ‘నువ్వు ఉన్నవో లేవో తెల్వది బిడ్డా’ అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. పైన చెప్పినవాళ్లెవరూ ఓడాక ఇలా ఇంట్లో కూర్చోలేదు.

కాబట్టి మీరు నిజంగా దిగాలనుకుంటే, సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తులు లేకుండా జరుగుతుంది, ఎంపీటీసీ, జడ్పీటీసీ పార్టీ గుర్తుల మీద జరుగుతాయి, ఈ తేడా ముందే ఆలోచించుకోండి. ఊళ్లో పని చేసి చూపించాలంటే సర్పంచ్ మంచిది. పార్టీలో పైకి వెళ్లాలంటే జడ్పీటీసీ మంచిది, ఖర్చు కూడా దానికే ఎక్కువ. పంచాయతీకి 21 ఏళ్లు, అసెంబ్లీకీ లోక్‌సభకీ 25, శాసనమండలికి 30 నిండాలి, ఇది కూడా లెక్కలో పెట్టుకోండి. రిజర్వేషన్ మారితే రెండోసారి మీ సీటు మీకు ఉండదు, అప్పుడు ఇంట్లోవాళ్లని నిలబెట్టి వెనక నుంచి నడపాలని చూడకండి, మా మండలంలో అలా చేసినవాళ్ల పరువు రెండేళ్లలో పోయింది. అమ్మే పొలం గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోండి, నేను మాట్లాడలేదు, మా ఆవిడ ఆ సంగతి రిజిస్ట్రేషన్ రోజు తెలుసుకుంది.

పోయిన ఎన్నికల్లో నేను మళ్లీ మా మండలంలో బూత్‌లు చూసుకున్నాను, ఎంపీ అభ్యర్థి మా దగ్గర ఉన్నది రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఆయన పేరు పెట్టి పిలిచింది ఐదుగురిని. ఆ ఐదుగురిలో ముగ్గురు మాజీ జడ్పీటీసీలు.