జర్మన్ తరగతిలో ఆవులింతలు

ప్రశ్న: నర్సింగ్ పూర్తి చేసిన యువతులకు హనుమకొండలో సాయంత్రం పూట జర్మన్ నేర్పిస్తున్నాను. మొదటిదైన ఏ1 స్థాయి హుషారుగా సాగింది. తర్వాతి స్థాయి ఏ2లో విభక్తుల పట్టికలు మొదలుపెట్టాక సగం తరగతి ఆవులిస్తోంది. పాటలు, ఆటలు పెడితే ఆ పూటకు నవ్వుతున్నారు, మర్నాడు షరా మామూలే. ఏం చేయాలి?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: పగలంతా ఆసుపత్రిలో డ్యూటీ చేసి, పరకాల నుంచో నర్సంపేట నుంచో బస్సెక్కి వచ్చినవారి ఆవులింతలన్నిటికీ మీ పాఠమే కారణం కానక్కరలేదు. అయితే మీరు రాసినదాన్ని బట్టి విసుగు పట్టికలతోనే మొదలైంది కనుక, లోపాన్ని అక్కడే వెతకాలి.

పట్టిక ముందు చెప్పి ఉదాహరణలు తర్వాత అడిగే పద్ధతిలో, విద్యార్థిని నోరు విప్పేది మీ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాత్రమే. ఆ జవాబు మీకు ముందే తెలుసునని ఆమెకూ తెలుసు. అలాంటి సంభాషణలో ఆసక్తి ఎంతసేపు నిలుస్తుంది? పాటలూ ఆటలూ ఈ లోటును కాసేపు కప్పిపెడతాయే గాని తీర్చవు.

జర్మన్ భాష నేర్పి పరీక్షలు పెట్టే గోథే సంస్థ ఏ2 పరీక్షలోని మౌఖిక భాగాన్నే చూడండి. ఇద్దరు అభ్యర్థులకు వేర్వేరు దినచర్యలున్న కాగితాలిచ్చి, ఇద్దరికీ వీలయ్యే సమయాన్ని మాట్లాడుకొని తేల్చమంటారు. ఎదుటివారి కాగితంలో ఏముందో తెలియదు కనుక అడగక తప్పదు. దీన్నే మీ విద్యార్థినుల వృత్తిలోకి తెచ్చి, రోగుల వివరాలు సగం ఒకరికి, సగం మరొకరికి ఇచ్చి, డ్యూటీ మారేటప్పుడు వార్డు అప్పగించినట్టు మాట్లాడుకోమనండి. ఏ మందు ఎవరికి ఇచ్చారో, ఇంకా ఎవరికి ఇవ్వాలో తేలాలంటే చతుర్థీ విభక్తి (‘ఎవరికి’ అన్నది తెలిపేది) లేనిదే పని జరగదు. పట్టిక అప్పుడు తీయండి, అదీ వారు తడబడిన మేరకే. నామవాచకాల లింగాలను మాత్రం కంఠస్థం చేయించక తప్పదు; ఆ విసుగుకు మందు లేదు.

ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో కూడా గమనించుకోండి. అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల నాటి పరిశీలనల్లో, ఉపాధ్యాయులు సాధారణంగా ఒక సెకనుకు మించి ఆగడం లేదనీ, 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయనీ, మౌనంగా ఉండేవారు కూడా మాట్లాడతారనీ చూపారు. అవి సైన్స్ తరగతులు. పరాయి భాషలో వాక్యం కూర్చుకునేవారికి ఆ వ్యవధి మరీ అవసరం. చురుకైన ఇద్దరే ప్రతిసారీ అందుకుంటుంటే మిగిలినవారు వినడం మానేస్తారు, అందులో వారి తప్పేమీ లేదు.

వచ్చే వారం ఒక్క పాఠాన్ని ఇలా నడిపి, ఎవరు ఎక్కువసేపు మాట్లాడారో చూడండి. అది మీరే అయితే ఆ రోగుల వివరాల కాగితాలను మళ్లీ రాయవలసి ఉంటుంది.