టాలెంట్ ఉంది సరే, డిగ్రీ మానేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. బడిలో ఉన్నప్పటి నుంచీ వ్యాసరచన పోటీల్లో బహుమతులన్నీ తనవే. డిగ్రీ మార్కులు మాత్రం అంతంతమాత్రం. ఇప్పుడు కాలేజీ మానేసి ఫ్రీలాన్స్ రైటర్‌గా స్థిరపడతానంటోంది. టాలెంట్ ఉన్నవాళ్లకి డిగ్రీతో పనేంటి అని వాదిస్తోంది. ఈ రంగంలో నిజంగా అవకాశాలున్నాయా? తన మాట వినాలా, వద్దా? – ఒక తండ్రి

జవాబు: చదువు మానిపించకండి. రాయడమూ మానిపించకండి. ఒకటి వదిలితేనే రెండోది దక్కుతుందన్న లెక్క మీ ఇంట్లోకి ఎలా వచ్చిందో గానీ, మీ అమ్మాయి విషయంలో అది తలకిందుల లెక్క. రాతతో బతకాలంటే తన చేతిలో ఉన్న పెద్ద ఆధారం, తను వదిలేద్దామనుకుంటున్న ఆ మైక్రోబయాలజీయే. ఎందుకో చెబుతాను.

ముందు టాలెంట్ సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో వాదనంతా దాని చుట్టూనే తిరుగుతోంది కదా. చిన్నప్పుడే ప్రతిభను గుర్తించి, వీళ్లు గొప్పవాళ్లవుతారని ముందే చెప్పేయాలన్న కోరిక పాతదే. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1921లో ఈ పని పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. ఐక్యూ బాగా ఎక్కువున్న పిల్లల్ని దాదాపు 1,500 మందిని ఎంపిక చేశారు. వాళ్ల జీవితాలను దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. చాలామంది బాగానే స్థిరపడ్డారు. అయితే పరీక్షలో సరిపడా స్కోరు రాక ఆ జాబితాలోకి ఎక్కని పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్ ఉన్నారు. ఇద్దరికీ తర్వాత ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది, ఒకరికి 1956లో, ఇంకొకరికి 1968లో. జాబితాలో ఉన్నవాళ్లెవరికీ రాలేదు. చిన్నప్పుడు గెలిచిన పోటీ ఆ వయసులో ఆ పని ఎంత బాగా చేశారో చెబుతుంది. ఇరవై ఏళ్ల తర్వాతి సంగతి దాన్ని అడగకూడదు.

అలాగని ప్రతిభ లేదు, అంతా సాధనే అనే వాళ్ల మాటా పూర్తిగా నమ్మొద్దు. పది వేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారన్న మాట వినే ఉంటారు. దాని వేరు 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన. మెరుగైన విద్యార్థులు ఎక్కువ గంటలు సాధన చేసినవాళ్లేనని అందులో తేలింది. కానీ 2014లో ఇలాంటి 88 అధ్యయనాలను కలిపి విశ్లేషిస్తే, మనిషికీ మనిషికీ నైపుణ్యంలో కనిపించే తేడాలో సాధన వాటా సంగీతంలో 21 శాతం, చదువులో 4 శాతమే అని వచ్చింది. మిగిలినదంతా పుట్టుకతో వచ్చిందని దీనర్థం కాదు. ఏ వయసులో మొదలుపెట్టారు, ఎవరు నేర్పారు, దేని మీద ఇష్టం ఉంది, ఇంట్లో ఎలాంటి వాతావరణం ఉంది, అన్నీ అందులో కలిసే ఉంటాయి. నా వరకు దీన్నుంచి తీసుకునేది ఒక్కటే. టాలెంట్ అనేది ఏ పనిలో త్వరగా అందుకుంటామో చెప్పే గుర్తు. అందుకున్న తర్వాత పడాల్సిన కష్టానికి అది మినహాయింపు ఇవ్వదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది బహుమతులు కాదు, ‘మార్కులు అంతంతమాత్రం’ అన్న మాట. 1998లో క్లాడియా మ్యూలర్, కెరోల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని పజిళ్లు చేయించి, కొందరిని ‘నువ్వు తెలివైనదానివి’ అని, కొందరిని ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్నారు. తర్వాత అందరికీ కష్టమైన పజిళ్లు ఇచ్చారు. అవి సరిగా చేయలేకపోయాక మళ్లీ మొదటిలాంటి తేలికవే ఇస్తే, తెలివిని పొగిడించుకున్న పిల్లలు మొదటిసారి కంటే వెనకబడ్డారు. శ్రమకు మెచ్చుకోలు పొందిన పిల్లలు ముందుకెళ్లారు. ఈ తరహా సిద్ధాంతాల మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి కాబట్టి దీన్నే వేదంగా తీసుకోనక్కర్లేదు. కానీ నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇదే తీరు తరచూ కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి ఒక విషయంలో ఫస్ట్ వచ్చిన పిల్లలు, ఫస్ట్ రాని చోట ఎక్కువ సేపు నిలబడలేరు.

అందుకని మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడగండి. తనకు రాయడం కావాలా, లేక మైక్రోబయాలజీ నుంచి బయటపడటం కావాలా? రెండో జవాబు వచ్చినా కంగారు పడకండి, దానికి వేరే దారులున్నాయి. కోర్సు మారొచ్చు, వెనకబడిన సబ్జెక్టుకు సాయం తీసుకోవచ్చు. కానీ అది ఫ్రీలాన్సింగ్‌తో తీరే సమస్య కాదు. ఎవరూ అడగకుండా, ఏ పోటీ లేకుండా గత ఆరు నెలల్లో తను ఏం రాసిందో చూడండి. అక్కడే సగం జవాబు దొరుకుతుంది.

ఇక అవకాశాల మాట. ఉన్నాయి, కానీ కొన్నేళ్ల క్రితం ఉన్న చోట లేవు. ‘ఆరోగ్యానికి పది చిట్కాలు’ లాంటి, ఎవరైనా రాయగల వ్యాసాలు పదానికి ఇంత చొప్పున రాసి నెల గడిపే మార్కెట్ 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక బలహీనపడింది. ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ అనే వెబ్‌సైట్‌లో పనిచేసేవాళ్ల మీద జరిగిన ఒక పరిశోధన ప్రకారం, చాట్‌జీపీటీ ప్రభావం ఎక్కువగా పడిన రాతపనుల్లో నెలవారీ పనులు 2 శాతం దాకా, ఆదాయం 5 శాతం దాకా తగ్గాయి. పేరున్నవాళ్లకూ మినహాయింపు దొరకలేదు. కాబట్టి ‘బాగా రాస్తాను’ అన్న ఒక్క అర్హతతో ఇప్పుడు ఈ రంగంలోకి దిగడం చాలా కష్టం. బాగా రాసినట్టు కనిపించే వాక్యాలు ఇప్పుడు ఉచితంగా వస్తున్నాయి.

డబ్బులిచ్చి రాయించుకునేది విషయం తెలిసినవాళ్లతోనే. మీ అమ్మాయి సబ్జెక్టు నుంచే ఒక ఉదాహరణ చూడండి. వ్యాసరచన పోటీలో బహుమతి తెచ్చే వాక్యం ఇలా ఉంటుంది: ‘సూక్ష్మజీవుల అద్భుత ప్రపంచంపై మానవాళి సాధించిన మహోన్నత విజయమే యాంటీబయాటిక్.’ ఒక ఆసుపత్రి రోగుల కోసం కరపత్రం వేయాలనుకుంటే వాళ్లకు కావాల్సింది ఇది: ‘జలుబు వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది. అందుకే జలుబుకు అది వేసుకున్నా తగ్గదు.’ రెండోదాంట్లో అలంకారం లేదు. కానీ ఏ వాక్యం ముందు రావాలి, ‘తగ్గదు’ అని ఖాయంగా అనొచ్చా, వైరస్‌తో పాటు బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ కూడా ఉంటే సంగతేంటి, ఆ మాట ఈ కరపత్రంలో పట్టాలా అన్నవి తెలియాలంటే సబ్జెక్టు చదివి ఉండాలి. మొదటి వాక్యం ఏ యంత్రమైనా రాస్తుంది. రెండోది కూడా రాస్తుంది, అయితే అందులో తప్పు దొర్లితే పట్టుకునే మనిషి కావాలి. ఆ మనిషికే ఫీజు.

దీన్నే మెడికల్ రైటింగ్ అంటారు. రోగుల సమాచార పత్రాలు, మందుల పరీక్షల నివేదికలు, పరిశోధన పత్రాల ఎడిటింగ్, సదస్సుల పోస్టర్లు, వైద్యుల శిక్షణ సామగ్రి అన్నీ ఇందులోకి వస్తాయి. అమెరికన్ మెడికల్ రైటర్స్ అసోసియేషన్ 1940 నుంచి ఉంది, ఇది నిన్నమొన్న పుట్టిన వృత్తి కాదు. మనుషుల మీద జరిపే మందుల పరీక్ష (క్లినికల్ ట్రయల్) నివేదిక ఎలా ఉండాలో అంతర్జాతీయ మార్గదర్శకాలున్నాయి, వాటిని ఐసీహెచ్ ఈ3 అంటారు. అవి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఒకసారి చదవమనండి. ఈ పనుల్లో చాలావాటికి మైక్రోబయాలజీ లాంటి లైఫ్ సైన్సెస్ డిగ్రీ కనీస అర్హతగా అడుగుతారు, పైచదువు ఉంటే ఇంకా మంచిది. డిగ్రీ వద్దనుకున్న మరుక్షణం ఈ తలుపు మూసుకుపోతుంది. మామూలు రైటర్లు రాలేని చోటు ఇదొక్కటే తనకు చేతికందే దూరంలో ఉంది, దాన్నెందుకు వదులుకోవాలి?

మిగతా దారులు క్లుప్తంగా చెబుతాను. సాఫ్ట్‌వేర్ కంపెనీల మాన్యువల్స్ రాసే టెక్నికల్ రైటింగ్ ఉంది. దానికి గూగుల్ ఉచిత కోర్సులు పెట్టింది. వీడియోలకు స్క్రిప్టులు, కంపెనీల న్యూస్‌లెటర్లు, యాప్‌లో బటన్ మీద ఏ మాట ఉండాలో తేల్చే యూఎక్స్ రైటింగ్, ఇంకొకరి పేరుతో రాసిపెట్టే ఘోస్ట్ రైటింగ్ ఉన్నాయి. రెండు భాషలు గట్టిగా వస్తే అనువాదం, యాప్‌లనూ వెబ్‌సైట్లనూ స్థానిక భాషకు తగ్గట్టు మార్చే లోకలైజేషన్ ఉన్నాయి. కథలు, కవితలు రాయాలనుకుంటే రాయనివ్వండి, అయితే ఇంటి ఖర్చుల లెక్కలో వాటిని కలపకండి.

ఒక దారి మాత్రం పూర్తిగా వద్దు. బాగా రాసే విద్యార్థుల దగ్గరికి మొట్టమొదట వచ్చే ‘పని’ సాధారణంగా ఇంకో విద్యార్థి అసైన్‌మెంటు రాసిపెట్టడం. డబ్బు వెంటనే వస్తుంది, పరిచయం ఉన్న పనే కాబట్టి తేలిగ్గా ఉంటుంది. ఇది కాపీ కిందికే వస్తుంది. ఇలాంటి సేవలు అమ్మడాన్ని ఆస్ట్రేలియా 2020లో, ఇంగ్లండ్ 2022లో చట్టంతో నిషేధించాయి. కాలేజీ శిక్షల మాట అలా ఉంచండి, అలా రాసిన ఒక్క పేజీ కూడా తన శాంపిల్‌గా ఎవరికీ చూపించుకోలేదు. రాసీ రాసీ చివరికి చేతిలో ఏమీ మిగలదు. అలాగే రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ కట్టమనేవాళ్ల జోలికి పోవద్దు. రాసేవాళ్లకు డబ్బు ఇవ్వాలి, వాళ్ల నుంచి తీసుకోకూడదు. ‘టెస్ట్’ పేరుతో పెద్ద వ్యాసాలు ఉచితంగా రాయించుకునేవాళ్లూ ఉన్నారు. ఒకటి రెండు పేరాల పరీక్ష న్యాయమే, అంతకు మించితే డబ్బు అడగాలి.

ఇప్పుడు ఏం చేయాలి? కాలేజీ మానకుండానే ఒక సంవత్సరం గడువు పెట్టుకోమనండి. మొదటి రెండు నెలలు క్లయింట్ల వేట వద్దు. మూడు శాంపిళ్లు రాయమనండి: రోగుల కరపత్రం ఒకటి, ఒక పరిశోధన పత్రాన్ని మామూలు పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పే వ్యాసం ఒకటి, తను ల్యాబ్‌లో చేసిన ఒక ప్రయోగాన్ని కొత్త విద్యార్థి తప్పు లేకుండా చేయగలిగేలా రాసిన సూచనలు ఒకటి. వాటిని తన లెక్చరర్‌కు చూపించి, విషయంలో తప్పులు ఎర్ర ఇంకుతో దిద్దించుకోమనండి. ఇందులో ఇంకో లాభం ఉంది. సైన్స్, సోషల్, గణితం పాఠాలను సొంత మాటల్లో రాయించడం వల్ల నేర్చుకోవడం మెరుగవుతుందా అని 56 ప్రయోగాలను కలిపి 2020లో విశ్లేషిస్తే, ఓ మోస్తరుగా మెరుగవుతుందని తేలింది. ప్రతి ల్యాబ్ క్లాసు తర్వాత ఒక పేజీ రాస్తే మార్కులకూ అదే పనికొస్తుంది. రాతే తన బలమైతే చదువులో కూడా దాన్నే వాడుకోవాలి, ఇంతవరకూ ఎవరూ తనకు ఈ సంగతి చెప్పలేదనుకుంటాను.

తర్వాత అప్‌వర్క్, ఫైవర్ లాంటి వేదికలు చూడొచ్చు. అక్కడ క్లయింటు డబ్బు ముందే వేదిక దగ్గర ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు కొంత భరోసా. అందుకు బదులుగా ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది, ధర చెప్పేటప్పుడు అది గుర్తుంచుకోవాలి. నేరుగా క్లయింటుతో పనిచేస్తే మాత్రం మొదలుపెట్టకముందే ఈమెయిల్‌లో నాలుగు మాటలు రాయించుకోవాలి: ఎన్ని పదాలు, ఎన్నిసార్లు మార్పులు చేయాలి, డబ్బు ఏ తేదీకి వస్తుంది, హక్కులు ఎవరివి. కొత్తవాళ్లు మోసపోయేది ఎక్కువగా రెండో మాట దగ్గరే. ‘ఇంకొంచెం మార్చండి’ అంటూ అయిదారుసార్లు తిప్పుతారు.

ధర విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. వెయ్యి పదాల వ్యాసం మూడు గంటల్లో రాస్తాను కదా అని మూడు గంటలకే లెక్క కడతారు. దానికి ముందు చదువుకోవడానికి నాలుగు గంటలు, తర్వాత దిద్దుబాట్లకు రెండు, మెయిళ్లకూ బిల్లుకూ ఒకటి వేసుకుంటే అది పది గంటల పని. వచ్చిన డబ్బును పదితో భాగించి చూసుకోవాలి. మొదట్లో ఆ అంకె చూసి నిరుత్సాహం కలుగుతుంది. అదే సబ్జెక్టులో మళ్లీ మళ్లీ రాస్తే చదివే గంటలు తగ్గుతాయి, అంకె పెరుగుతుంది. ఏదో ఒక సబ్జెక్టుకు కట్టుబడమని చెప్పేది అందుకే.

ఏడాది చివర ఎంత సంపాదించిందని కాకుండా, ఎంతమంది క్లయింట్లు రెండోసారి పని ఇచ్చారని అడగండి. ముగ్గురు ఉంటే డిగ్రీ తర్వాత పూర్తికాల ఫ్రీలాన్సింగ్ గురించి గట్టిగా ఆలోచించవచ్చు. ఒక్కరూ లేకపోతే ముందు ఏదైనా మెడికల్ కమ్యూనికేషన్స్ సంస్థలో ఉద్యోగం చేసి, అక్కడి ఎడిటర్ల దగ్గర పని నేర్చుకోవడం మంచిది. సెమిస్టర్ పరీక్షలున్న నెలలో కొత్త పని ఒప్పుకోనని మాత్రం ఇప్పుడే మాట తీసుకోండి, పాత క్లయింట్లకూ ఆ తేదీలు ముందే చెప్పి ఉంచమనండి.