పాడేది డ్రమ్స్ కొట్టేవాడే, గమనించావా?

తమ్ముడూ,

నీ రివ్యూ రెండుసార్లు చదివాను, రెండోసారి ఆల్బమ్ పెట్టుకుని మరీ చదివాను. పాపులేషన్ టూ అనే మాంట్రియల్ బ్యాండ్ కుర్రాళ్ళు ముగ్గురు "ఆ లా ఓ తేర్" ఆల్బమ్‌లో ఫ్రెంచ్‌లో పాడిన సైకెడెలిక్ ప్రోగ్ (మత్తెక్కించే శబ్దాలతో మలుపులు తిరిగే రాక్) గురించి తెలుగులో ఎవడు చదువుతాడులే అనుకోకుండా కూర్చుని రాశావు చూడు, అది నాకు భలే నచ్చింది. కానీ రాసింది ఇంకా రివ్యూ అవ్వలేదు. కోప్పడకు.

మొదటి పేరాలో "70ల్లోకి తీసుకెళ్ళిపోతుంది" అన్నావు, మూడో పేరాలో "టైమ్ మెషిన్" అన్నావు, మధ్యలో ఏడు పాత బ్యాండ్ల పేర్లు, లెక్కపెట్టా. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినోడిని అమ్మాయి ఎలా ఉందిరా అంటే మేనత్త పోలిక, ముక్కు పెదనాన్నది అన్నట్టుంది, అమ్మాయి సంగతి చెప్పు నాయనా!

పోనీ ఆ పోలికలైనా సరిగ్గా ఉన్నాయా? ఇది కూడా కెబెక్ (మాంట్రియల్ ఉన్న కెనడా రాష్ట్రం), ఫ్రెంచ్, ప్రోగ్ కాబట్టి హార్మోనియం బ్యాండ్‌లా ఉందన్నావు (మన పెట్టె కాదు, అక్కడి బ్యాండ్ పేరే అది). 1975లో వాళ్ళు చేసిన రెండో ఆల్బమ్ విన్నావా అసలు? అందులో డ్రమ్ కిట్ దాదాపు లేనట్టే, అంతా అకూస్టిక్ గిటార్లు, ఫ్లూట్, మెల్లోట్రాన్ (టేపులు మోగించే కీబోర్డ్), మెల్లగా విచ్చుకునే పాటలు. నువ్వు రాస్తున్న పాపులేషన్ టూ వాళ్ళ "ఆ లా ఓ తేర్"లో పాడేదే డ్రమ్మర్, పియేర్ ల్యూక్ గ్రాటన్. ఆ ముక్క నీ రివ్యూలో ఎక్కడా లేదు! రెండు చేతులూ రెండు కాళ్ళూ పనిలో ఉన్న మనిషి పాడుతున్నాడంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చేతులే చెప్తాయి కదా, అందుకే నాకు ఆ గొంతు పాటకి పైన కూర్చున్నట్టు కాకుండా తాళం లోపలి నుంచి అరుస్తున్నట్టు వినిపిస్తుంది. నీకు అలా అనిపించకపోవచ్చు, ఫర్వాలేదు, కానీ నీకేం వినిపించిందో రాయి.

బ్యాండ్ పేరు దగ్గర కూడా ఆగలేదు నువ్వు. అది 1970లో రాండీ హోల్డెన్ చేసిన ఆల్బమ్ పేరు. బ్లూ చీర్ అనే రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయించి బయటికొచ్చిన మనిషి, 200 వాట్ల ఆంప్లిఫయర్లు పదహారు పేర్చుకుని ఒక్క డ్రమ్మర్‌తో కలిసి చేశాడు. ఇంకోపక్క ఖగోళశాస్త్రంలో పాపులేషన్ టూ అంటే బాగా పాత నక్షత్రాలు, లోహాలు తక్కువగా ఉండేవి (హీలియం కంటే బరువైనదంతా ఖగోళశాస్త్రవేత్తలకి లోహమే, ఆక్సిజన్‌తో సహా, నవ్వొస్తుంది కదా). ఎప్పుడో పుట్టినా ఇంకా వెలుగుతూనే ఉన్నాయి అవి. రెట్రో సౌండ్ ఉన్న బ్యాండ్‌కి ఇంత మంచి పేరు దొరికితే నువ్వు టైమ్ మెషిన్ అంటావేంట్రా.

టైటిల్ కూడా అంతే. తేర్ అంటే భూమి, ఓ అనేది పిలుపు, ఓ భూమీ అన్నట్టు. కానీ ఫ్రెంచ్‌లో "లా" పక్కన అచ్చు వస్తే మామూలుగా ఆ చివరి "ఆ" ఎగిరిపోవాలి, ఇక్కడ పోలేదు. గట్టిగా చదివితే నాకు "ఆ లా ఓతర్" అన్న మాట వినిపిస్తుంది, అంటే ఆ ఎత్తుకి తగ్గట్టుగా, ఆ స్థాయికి సరిపడేలా అని. ఆ "ఓతర్" స్పెల్లింగ్ మొదట్లో ఉన్న హెచ్ అక్షరం వల్ల "లా" అలాగే మిగులుతుంది మరి. వాళ్ళు కావాలనే చేశారని నేను ఒట్టేసి చెప్పను, నా చెవికి అలా తగిలింది.

ఇక "నాకు ఫ్రెంచ్ రాదు కాబట్టి లిరిక్స్ జోలికి పోవట్లేదు" అన్న వాక్యం. నిజాయితీగానే చెప్పావు, కానీ అక్కడితో తప్పించుకున్నావు. మద్రాసు సభల్లో త్యాగరాజ కీర్తనకి తల ఊపేవాళ్ళలో ఎంతమందికి తెలుగు వచ్చు? అర్థం తెలియకపోయినా భాష గురించి రాయడానికి బోలెడుంది. కెబెక్‌లో ఫ్రెంచ్‌లో పాడటం ఊరికే అలవాటు కాదు, 1976లో అక్కడ వేర్పాటువాద పార్టీ గెలిచింది, 1977లో ఫ్రెంచ్ కోసం పెద్ద చట్టం తెచ్చారు, హార్మోనియం లాంటి వాళ్ళు పాడింది ఆ వేడిలోనే. మాంట్రియల్ నుంచే ఇంగ్లీష్‌లో పాడి ప్రపంచమంతా తిరిగిన ఆర్కేడ్ ఫైర్ ఉండగా, ఈ ముగ్గురూ ఫ్రెంచ్‌లోనే పాడి 2020లో ఆ రికార్డుని కాలిఫోర్నియా లేబుల్ కాసిల్ ఫేస్‌లో, అంటే ఓసీస్ బ్యాండ్ జాన్ డ్వయర్ వాళ్ళ లేబుల్‌లో తెచ్చారు. ఇది చెప్పడానికి ఒక్క లైను అర్థం తెలియక్కర్లేదు కదా? ఇంకోటి, ఫ్రెంచ్‌లో నొక్కు మాట మాటకీ పడదు, పదబంధం చివర్లో పడుతుంది. అందుకే లైను మొదట్లో తేలిపోయినట్టుండి చివర్లో దిగుతుంది, కింద డ్రమ్స్ మాత్రం కొడుతూనే ఉంటాయి. ఒకసారి లిరిక్స్ ముందు పెట్టుకుని విను, దొరుకుతుంది.

రెట్రో అన్న మాట మీద నాకు కొంచెం మంట ఉంది, కారణం నేనే. నీ వయసులో ఫ్రెండ్ క్యాసెట్ ఒకటి విని ఓ పత్రికకి రాస్తూ వయొలిన్ వాళ్ళ విల్లు విరుపుల గురించి అరపేజీ పొగిడాను, తర్వాత తెలిసింది అక్కడ వయొలిన్ వాళ్ళు ఒక్కరూ లేరు, అది మెల్లోట్రాన్ అని. దాంట్లో ఒక్కో మీట కింద ముందే రికార్డు చేసిన టేపు ముక్క ఉంటుంది, నొక్కితే ఎనిమిది సెకన్ల దాకా మోగి ఆగిపోతుంది. పరువు పోయింది. అప్పట్నుంచి "వింటేజ్ సౌండ్" అని రాసే ముందు ఆ శబ్దం దేనిలోంచి వస్తోందో కనుక్కుంటా, గిటార్ శబ్దాన్ని గరుకుగా చేసే ఫజ్ పెడలా, తిరిగే హార్న్ ఉన్న లెస్లీ స్పీకర్‌లోంచి వచ్చే ఆర్గనా, టేపు ఓవర్‌లోడ్ అయి నలిగిందా, ఒక మైక్‌లోకి పక్కవాడి శబ్దం కూడా కారిందా. తెలియకపోతే గిటార్ గరగరమంటోంది అని రాయి చాలు, తప్పు పేరు కంటే అదే నయం.

ఆ ఏడు పేర్లలో ఆరు కొట్టేయ్. మిగిలే ఒక్కటీ నువ్వు పూర్తిగా విన్నదై ఉండాలి. 2023లో వాళ్ళదే "ఎలెక్ట్రాన్ లీబ్ర్ దు కెబెక్" వచ్చింది, అది కూడా విని రాయి, మూడేళ్ళలో ఏం మారిందో నీకే తెలుస్తుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకు, బేస్ అంతా పోతుంది, ముగ్గురిలో ఒకడిని తీసేసి విన్నట్టు ఉంటుంది.

ఆదివారం లోపు పంపు, పీడీఎఫ్ కాదు, దిద్దడానికి వీలుగా వర్డ్ ఫైల్ పంపు.

మీ అన్నయ్య