లైటు కింద పాల రంగు పురుగు.. దోమపోటేనా?

రైతు ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ దగ్గర. మూడెకరాల్లో సాంబ మసూరి వేశాను, పిలకలు పెడుతోంది. నాలుగు రోజులుగా రాత్రిపూట మోటారు దగ్గర లైటు కింద తెల్ల పురుగులు రాలుతున్నాయి. ఇన్నేళ్లలో ఇలాంటివి చూడలేదు. షాపులో అడిగితే తెల్లమచ్చ దోమ, వెంటనే మందు కొట్టమన్నారు. ఫోటోలు పంపాను. కొట్టమంటారా?

జవాబు: మందు డబ్బా మూత అప్పుడే తీయకండి. రెండో ఫోటోలో పురుగును వడ్ల గింజ పక్కన పెట్టి తీశారే, సగం జవాబు అందులోనే ఉంది. అది దాదాపు గింజంత పొడవుంది. తెల్లమచ్చ దోమ అయితే 3-4 మిల్లీమీటర్లే, గింజలో సగం. పైగా దానికి ఒళ్లంతా తెల్లగా ఉండదు, వీపు మీద తెల్ల మచ్చ ఒక్కటే. మీ పురుగుకు రెక్కలన్నీ పాలిపోయిన తెలుపే, ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. తల మీద నడుమ నల్ల చుక్క, కాటుక బొట్టు పెట్టినట్టు! ఇది తెల్ల దీపపు పురుగు (కొఫానా స్పెక్ట్రా). వరిలో ఉండేదే, కానీ మామూలుగా చాలా తక్కువ. అందుకే మీ కంట పడి ఉండదు.

ఇంకా అనుమానముంటే భూతద్దంతో వెనక కాలు చూడండి. దీపపు పురుగుకు కాలి పొడవునా రంపం పళ్లలా ముళ్ల వరసలుంటాయి. సుడిదోమ (దోమపోటు తెచ్చే గోధుమ రంగు దోమ), తెల్లమచ్చ దోమలకు కాలి కింది భాగంలో కోడిపుంజు కాలికున్నట్టు ఒక పెద్ద ముల్లు, అదీ కదులుతుంది. నేనైతే రంగు కన్నా కాలినే నమ్ముతాను.

దీన్ని పోలిన దగ్గరి జాతులూ ఉన్నాయి. వాటిని ఖాయంగా విడదీయాలంటే మగ పురుగు జననాంగాలను మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. వీలైతే ఓ పది పురుగులు స్పిరిట్‌లో వేసి కృషి విజ్ఞాన కేంద్రంలో ఇవ్వండి. మందు కొట్టాలా వద్దా అన్నదానికి మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. ఈ పురుగు పీల్చేది మొక్క నీటి నాళాల్లోని పల్చటి రసం. మరీ గుంపులుగా చేరితే ఆకు కొసలు పసుపెక్కుతాయి, మీ ఫోటోల్లో ఆ జాడ లేదు. దీని కోసం సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొడితే సుడిదోమను తినే సాలీళ్లు చచ్చి, సుడిదోమ పెరుగుతుంది. లేని టెన్షన్ కొని తెచ్చుకున్నట్టే.

నన్ను ఆపింది మూడో ఫోటో. మూలన ఆకుపచ్చగా, రెక్కల కొసలు నల్లగా ఉన్నది పచ్చ దీపపు పురుగులో మగది. వరికి టుంగ్రో తెగులు తెచ్చే వైరస్‌ను మోసేది ఈ జాతే. రేపు పొద్దున పొలంలో పసుపు, నారింజ రంగుకు తిరిగి గిడసబారిన దుబ్బులున్నాయేమో చూడండి. అలాగే ఓ ఇరవై దుబ్బులు వంచి, నీటికి కాస్త పైన మొదళ్లలో సుడిదోమను లెక్కపెట్టండి. దుబ్బుకు పది దాటితే ఫోన్ చేయండి, ఏ మందో అప్పుడు చెప్తాను.