సోమవారం జాలీబాయ్‌కి పడవ అన్నారు, తీసుకుపోలేదు: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. మేం నాలుగు జంటలం కలిసి మా ఊళ్లోని ట్రావెల్ ఏజెంటు దగ్గర అండమాన్ ప్యాకేజీ తీసుకున్నాం. మొత్తం 3,08,000 రూపాయలు నా ఫోన్‌పే నుంచి ఏజెంటు సొంత నంబరుకు పంపాను. ప్రోగ్రాం కాగితంలో సోమవారం జాలీబాయ్ ద్వీపం (మనిషికి 3,200), మంగళవారం ‘స్మాల్ గ్రూప్ బోట్, 8 మందికి మాత్రమే’ అని రాస్, నార్త్ బే, వైపర్ ద్వీపాలు (మనిషికి 4,500) ఉన్నాయి. సోమవారం పొద్దున హోటల్‌కు వచ్చిన కుర్రాడు ‘సముద్రం బాగాలేదు, పడవలు పోవట్లేదు’ అని మమ్మల్ని బజారులో తిప్పి వదిలేశాడు. మంగళవారం మా పడవలో మొత్తం పందొమ్మిది మందిని ఎక్కించారు. రాస్, నార్త్ బే చూశాక గాలి పెరిగిందని వైపర్‌కు పోకుండానే వెనక్కి తిప్పారు. ఊరికి వచ్చాక అడిగితే ఏజెంటు ‘గాలికి నేనేం జేస్త అన్నా? కింద నో రీఫండ్ అని రాసుంది, సూస్కో’ అంటున్నాడు. వివాదాలన్నీ పోర్ట్ బ్లెయిర్ కోర్టుల్లోనే అని కూడా అదే కాగితంలో ఉంది. మా డబ్బు వస్తుందా? కొందరు 420 కేసు పెట్టమంటున్నారు. ఏజెంటు మా బంధువులకు తెలిసినవాడు, అదొక మొహమాటం.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీరు పంపిన ప్రోగ్రాం కాగితంలో నా కన్ను ముందు సోమవారం మీదే పడింది. జాలీబాయ్ ద్వీపం వండూరు దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది. దానికి సోమవారం సెలవు. సముద్రం ఎంత నిమ్మళంగా ఉన్నా ఆ రోజు అక్కడికి టూరిస్టు పడవ కదలదు. అండమాన్ ప్యాకేజీలు అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలియదంటే నమ్మలేం. కొన్ని నెలలు జాలీబాయ్, మిగతా నెలలు అదే పార్కులోని రెడ్‌స్కిన్ ద్వీపం తెరుస్తారు. ఏ నెలలో ఏది, వారంలో ఏ రోజు మూత అన్నది చూసుకోకుండా ఎవరూ ప్రోగ్రాం వేయరు. వేశారంటే అది వాళ్ల నిర్లక్ష్యం. తెలిసే వేసి, ఆ రోజు గాలి మీదికి తోశారంటే ఇంకా పెద్ద తప్పు.

పైగా ఆ ద్వీపానికి అటవీ శాఖ పర్మిట్ లేనిదే పడవ ఎక్కనివ్వరు. అందుకని ఏజెంటుకు పంపే నోటీసులో (అది ఎప్పుడు పంపాలో చివర్లో చెబుతాను) ఒక్క ముక్క రాయండి: ‘మా ఎనిమిది మంది పేర్ల మీద ఆ సోమవారానికి మీరు తీసుకున్న పర్మిట్ కాపీ పంపండి.’ వాళ్ల దగ్గర అది ఉండదు. సెలవు రోజుకు పర్మిట్ పుట్టదు కదా. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాకపోవడమే మీ కేసులో మంచి సాక్ష్యం. ఇవ్వడం కుదరని సేవను ఇస్తామని చెప్పి డబ్బు తీసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) చెప్పే అన్యాయ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ఆ రోజు తాలూకు 25,600 రూపాయలు పూర్తిగా వెనక్కి అడగవచ్చు. అబద్ధం చెప్పి ఒక రోజంతా వృథా చేసినందుకు నష్టపరిహారం కూడా అడగండి.

మంగళవారం సంగతి వేరు. అందులో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి.

వైపర్‌కు తీసుకుపోకపోవడం నిజంగా గాలి వల్లే అయితే, పడవ తిప్పినవాడు సరైన పనే చేశాడు. దాని మీద నష్టపరిహారం అడగడం నాకు ఇష్టం లేదు, ఇలాంటి ఫిర్యాదులు వినే వినియోగదారుల కమిషన్ కూడా మెచ్చదు. అదే దారిలో, రాస్ – నార్త్ బే ప్రయాణంలో, 2014 జనవరి 26న సామర్థ్యాన్ని మించి జనాన్ని ఎక్కించుకున్న పడవ మునిగి ఇరవై మందికి పైగా టూరిస్టులు చనిపోయారు. వాతావరణం చూసి వెనక్కి తిరిగినవాడిని కోర్టుకు లాగితే రేపు ఇంకొకడు తిరగడానికి భయపడతాడు. అయితే పడవ తిప్పడం ఒకటి, పోని ద్వీపం డబ్బు ఉంచుకోవడం ఇంకొకటి. ఎవరి తప్పూ లేకుండా ఒప్పందం నెరవేర్చలేని పరిస్థితి వస్తే, అప్పటికే తీసుకున్న లాభాన్ని తిరిగి ఇవ్వాలన్నది 1872 కాంట్రాక్టు చట్టంలోని 65వ సెక్షన్ సూత్రం. ఆ లెక్కన మంగళవారం ఇచ్చిన 36,000లో మూడో వంతు, అంటే 12,000 అడగండి. డీజిల్, పడవ కిరాయి ఖర్చయ్యాయని వాళ్లు వాదిస్తారు. కొంత తగ్గినా తగ్గవచ్చు, అందుకు సిద్ధంగా ఉండండి.

ఇక పందొమ్మిది మంది. ఇది గాలి చేసిన పని కాదు, డబ్బు మిగుల్చుకోవడానికి చేసిన పని. ‘8 మందికి మాత్రమే’ అన్న మాటకే మీరు ఎక్కువ ధర ఇచ్చారు. మామూలు షేరింగ్ పడవలో పోయేవాళ్లు ఇంత ఇవ్వరు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆ పడవ లైసెన్సు ఇరవై మందికో ఇరవై అయిదు మందికో ఉండి ఉండవచ్చు. కాబట్టి ఫిర్యాదులో ‘సామర్థ్యానికి మించి ఎక్కించారు’ అని రాయకండి, రుజువు చేయలేకపోతే మీ మాట మొత్తం పలచబడుతుంది. ‘చెప్పిన సంఖ్యకు మించి ఎక్కించారు’ అని రాయండి, అది చాలు. లైఫ్ జాకెట్లు అందరికీ ఇచ్చారా లేదా అన్నది మీరు రాయలేదు. ఇవ్వకపోతే అది తప్పకుండా చేర్చండి.

ఇప్పుడు కాగితం కింది చిన్న అక్షరాలు. ‘నో రీఫండ్’ అని అచ్చు వేసుకున్నంత మాత్రాన చట్టం పక్కకు తప్పుకోదు. లోపమున్న సేవకు తీసుకున్న డబ్బును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో తిరిగి ఇవ్వకపోవడం కూడా అన్యాయ వ్యాపార పద్ధతేనని ఇందాక చెప్పిన 2(47)వ సెక్షనే అంటుంది. కానీ ఒక మెలిక ఉంది, కొత్తగా వచ్చే లాయర్లు కూడా ఇక్కడ తడబడుతుంటారు. ఒప్పందంలోని షరతు అన్యాయమైనదని ప్రకటించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, అది రాష్ట్ర, జాతీయ కమిషన్లదే. జిల్లా కమిషన్‌లో ‘ఈ షరతును కొట్టేయండి’ అని అడిగితే అవతలి లాయరు మొదటి వాయిదాలోనే పరిధి లేదని లేస్తాడు. సేవాలోపం, అన్యాయ వ్యాపార పద్ధతి – ఈ రెండు మాటల మీదే ఫిర్యాదు నిలబెట్టండి.

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం) కోర్టుల షరతు గురించి టెన్షన్ పడకండి. ఫిర్యాదుదారు నివసించే చోట కూడా కేసు వేయవచ్చని 2019 చట్టం సెక్షన్ 34లో స్పష్టంగా ఉంది. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు. అవతలివాడు ఉండే చోటుకో, వ్యవహారం పుట్టిన చోటుకో పరుగెత్తాల్సి వచ్చేది. మీకు నల్గొండ జిల్లా కమిషన్ సరిపోతుంది. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అకౌంట్స్ చూసే మీలాంటి వాళ్లకు ఇదేమంత కష్టం కాదు. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు, కమిషన్‌ను కోరితే వీడియోలో హాజరు కావచ్చు.

ఎవరి మీద వేయాలి? మీ ఏజెంటు ‘నేను మధ్యవాడిని, కంపెనీ హైదరాబాద్‌ది’ అంటాడు. అనడం సహజం. అసలు యజమాని ఎవరో ముందే చెప్పి, వాళ్ల తరఫునే డబ్బు తీసుకుని ఉంటే ఏజెంటుకు సొంతంగా బాధ్యత ఉండదన్నది మామూలు నియమం. యజమాని పేరు బయటపెట్టకుండా వ్యవహారం నడిపితే మాత్రం ఏజెంటే బాధ్యుడని అనుకోవాలని కాంట్రాక్టు చట్టంలోని 230వ సెక్షన్ చెబుతుంది. మీరు పంపిన రసీదు చూశాను: పుస్తకంలోంచి చింపిన గులాబీ రంగు చీటీ, పైన ఆయన షాపు ముద్ర, ‘అండమాన్ టూర్ అడ్వాన్స్’ అన్న రెండు ముక్కలు, కింద సంతకం. కంపెనీ పేరు ఎక్కడా లేదు. డబ్బు పోయింది ఆయన సొంత నంబరుకు. కాబట్టి ఆయనను మొదటి ప్రతివాదిగా, ప్రోగ్రాం కాగితం మీద పేరున్న హైదరాబాద్ కంపెనీని రెండో ప్రతివాదిగా పెట్టండి. పడవవాడి వివరాలు దొరికితే సరే, లేకపోయినా కేసు ఆగదు. మీరు ఒప్పందం చేసుకున్నది పడవవాడితో కాదు.

ఎనిమిది మందీ కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు, ఎనిమిది కేసులు అక్కర్లేదు. డబ్బు కట్టింది మీరొక్కరే కదా అన్న అభ్యంతరం వస్తే, డబ్బు కట్టినవారి అంగీకారంతో సేవ పొందినవారు కూడా వినియోగదారులేనని చట్టం చెబుతుంది. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పాటు మిగతా ముగ్గురు మీకు వాటా పంపిన ఎంట్రీలు కూడా పెట్టండి. డబ్బు మిల్లు ఖాతా నుంచి పోయి ఉంటే ఇది వ్యాపార అవసరం, మీరు వినియోగదారులు కారు అనే వాదన వచ్చేది, మీది సొంత ఖాతా కాబట్టి ఆ బాధ లేదు. (టార్గెట్ పూర్తి చేస్తే ఎరువుల కంపెనీలు డీలర్లను టూర్లకు పంపుతుంటాయి. అలా పోయి ఇబ్బంది పడ్డవాళ్లకు ఈ జవాబు అచ్చంగా వర్తించదు, వాళ్ల కాగితాలు విడిగా చూడాలి.)

సాక్ష్యాల్లో ఫొటోలు ముఖ్యం. పడవలో అందరూ కనిపించేలా తీసిన సెల్ఫీ ఒక్కటి ఉన్నా చాలు, తలలు లెక్కపెట్టవచ్చు. ఫోన్లోంచి డిలీట్ చేయకండి, ఒరిజినల్ ఫైలులో తేదీ, టైము ఉంటాయి. వాట్సాప్ చాట్ స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఫోన్, కంప్యూటర్ రికార్డులకు జతచేసే ధ్రువపత్రం) కూడా పెడితే అవతలివాళ్ల నోరు కట్టినట్టే. సమాచార హక్కు కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో అండమాన్ పాలనా యంత్రాంగానికి ఒక దరఖాస్తు పెట్టండి: ఆ సోమవారం జాలీబాయ్ తెరిచి ఉందా? మంగళవారం పడవలు ఆపమని ఆదేశం ఏమైనా ఇచ్చారా, ఇస్తే ఎన్ని గంటలకు? మీ పడవ నంబరు తెలిస్తే ఎంతమందిని ఎక్కించుకుని బయల్దేరిందో కూడా అడగండి. సంఖ్య మాత్రమే అడగండి, పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు.

420 కేసు గురించి. ఆ సెక్షన్ ఇప్పుడు లేదు, దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318 వచ్చింది. మోసం నేరమని నిలబడాలంటే డబ్బు తీసుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. మిమ్మల్ని అండమాన్ తీసుకుపోయారు, హోటల్ ఇచ్చారు, రెండు ద్వీపాలు చూపించారు. సోమవారం అబద్ధం ఒక్కదాని మీద స్టేషన్‌కు పోతే ‘సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి’ అని పంపేస్తారు. వాళ్లు అలా అనడం తప్పు కూడా కాదు. ఒత్తిడి తేవడానికి క్రిమినల్ కేసు వాడుకోమని చెప్పే సలహాదారులకు దూరంగా ఉండండి.

మొహమాటం ఉందన్నారు కాబట్టి, నేనైతే ముందు 1915కు ఫోన్ చేయమంటాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లకు తీర్పు ఇచ్చే అధికారం లేదు, కానీ పేరున్న కంపెనీలు అక్కడికే దిగివస్తుంటాయి. దాంతో కాకపోతే 15 రోజుల గడువుతో ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అదీ కాకపోతే నల్గొండలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు ఇవ్వవచ్చు, ఖర్చు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. బంధువుల మధ్య మాట పోకుండా తేల్చుకోవాలనుకునే వాళ్లకు ఈ దారి బాగుంటుంది. రాజీలో ‘ఇస్తాం’ అని కాకుండా ఏ తేదీకి ఎంత అన్నది రాయించుకోండి.

ఎంత అడగాలి? సోమవారానికి 25,600, వైపర్‌కు 12,000, చెప్పిన పడవ కాకుండా గుంపు పడవ ఎక్కించినందుకూ సోమవారం అబద్ధానికీ కలిపి జంటకు 10,000 చొప్పున 40,000, ఖర్చుల కింద ఒక 10,000. మొత్తం 87,600. మనోవేదనకు పది లక్షలు అని రాసిన ఫిర్యాదులు చాలా చూశాం, వాటిని చదివే కమిషన్ సభ్యుల ముఖం ఎలా మారుతుందో కూడా చూశాం. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, ఏడాది దాటినా ఆశ్చర్యపోకండి. ప్రతివాదికి జవాబు దాఖలుకు 30 రోజులు, కమిషన్ ఇస్తే మరో 15 రోజులు, అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 46వ రోజున వాళ్ల లాయరు ఇంకో వాయిదా అడిగితే మీరు లేచి ఆ మాట గుర్తుచేయండి. ఆర్డరు వచ్చాక కూడా కట్టకపోతే సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చాలామంది ఆ పిటిషన్ నంబరు పడగానే చెక్కు పట్టుకుని వస్తారు.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీ విషయంలో ఆ సోమవారం నుంచే లెక్క మొదలవుతుంది. ఏజెంటు ‘వచ్చే నెల చూద్దాం అన్నా’ అంటూ పోయినంత మాత్రాన గడువు పెరగదు.